జేబులో ఒక పనిముట్టు

మనిషి తొడిగిన చొక్కాను చూచి అతని స్థితిని ఊహించవచ్చునేమో గాని, అతని దినచర్యను తెలుసుకోవలెనంటే జేబును చూడవలసిందే. డబ్బులు, బస్సు పాసు, తాళంచెవి, చేతిరుమాలు, నేడు వీటన్నిటిని ఒక మూలకు తోసి కూర్చున్న సెల్‌ఫోను అందరి జేబులలోను ఉండేవే. వాటి సరసన మరొక చిన్న వస్తువుకు చోటు కల్పింపుమని నా తోటి విద్యార్థులను కోరడమే ఈ వ్యాసోద్దేశం. ఆ వస్తువు పలు పనిముట్లు ఒక్కటిగా మడిచిన చాకు. దానిని ఎట్లు ఎన్నుకోవలెనో, ఏ మర్యాదతో వెంట ఉంచుకోవలెనో నాకు తెలిసినంత వివరించెదను.

జేబు అన్న మాట అరబ్బీ నుండి, చాకు అన్న మాట పారశీకం నుండి ఉర్దూ మీదుగా తెలుగునకు వచ్చినవి. తెలుగువాడు ‘జేబులో చాకు’ అన్నప్పుడు అందులో ‘లో’ ఒక్కటే అతని పాత సొత్తు. రెండు భాషలు ఒకే వరండాలో నడయాడే మన కళాశాలలో ఈ సంగతి ఎవరికీ వింతగా తోచదు. వింత గొలిపేది మరొకటి ఉన్నది. చాకు అనగానే మనకు వంటయిల్లు గాని, బడి గాని గుర్తుకు రాదు. చలనచిత్రంలోని దుండగుడు, వార్తాపత్రికలోని నేరవార్త గుర్తుకు వస్తవి. ఒక ఉపకరణానికి ఇంతటి అపకీర్తి ఎట్లు వచ్చినదో గాని, దాని పుట్టుక మాత్రం ఇందుకు పూర్తిగా భిన్నమైనది.

పూర్వం తాటాకుపై గంటంతో వ్రాసిన లేఖకుడికి ఆకును కోసి అంచులు సవరించడానికి కత్తి కావలసి వచ్చేది. దక్షిణదేశంలో గంటము, చిన్న కత్తి ఒకే పిడిలో అమర్చిన పనిముట్లు కూడ ఉండేవి. రెల్లు కలంతో వ్రాసే ఉర్దూ, పారశీక లేఖకులకు ‘కలంతరాష్’ అనే సన్నని చాకు ప్రాణంతో సమానం. ఐరోపావాసులు బాతు ఈకను చెక్కి కలంగా వాడిన రోజులలో అందుకై ఉంచుకున్న చాకునకే ‘పెన్ నైఫ్’ అని పేరు. అనగా, జేబులోని చాకు తన తొలి దినాలలో కలానికి సహచరి. చదువుకున్నవాడి గుర్తు అది.

మా దాదాజాన్ కాతిబ్‌గా పనిచేసినవారు. ఉర్దూ పుస్తకాలకు, శుభలేఖలకు, గోడపత్రికలకు నస్తాలీఖ్ అక్షరాలు చేతితో వ్రాసి ఇచ్చేవారు. 1981లో నూరీ నస్తాలీఖ్ అనే అక్షరసముదాయం యంత్రానికి సిద్ధమైనది. ఆ తరువాతి కాలంలో కంప్యూటర్లు వచ్చి కాతిబుల చేతిపనిని తగ్గించివేసినవి. ఆయన కలం మూలపడినది గాని కలంతరాష్ మూలపడలేదు. రెల్లును ఏటవాలుగా కోయడం, మొన నడుమ సిరా దిగడానికి సన్నని చీలిక తీయడం, ఎముకతో చేసిన చిన్న పలకపై మొనను ఆనించి ఒక్క నొక్కుతో కత్తిరించడం ఆయన నాకు చూపించినారు. కోత వాలు కొంచెం మారితే అక్షరం మందం మారిపోతుంది. చాకు మొండిదైతే ఎంతటి కాతిబ్ అయినా ఓడిపోతాడనేవారు.

నేను ఇంటర్‌లో చేరిన కొత్తలో ఒక మడత చాకు కొనుక్కుంటానన్నప్పుడు మా అమ్మీ కలవరపడి, “చదువుకునే పిల్లవాడికి చాకు ఎందుకు బేటా?” అన్నది. పక్కగదిలోనుండి దాదాజాన్ సమాధానమిచ్చినారు: “చదువుకునేవాడికే కావలసింది బేటీ! చాకు లేనిదే కలం ఎక్కడిది?”

ఒక్క అలుగుతో సరిపుచ్చుకునే చాకు పలు పనిముట్ల పెట్టెగా మారిన కథ కూడ తెలుసుకోదగినదే. స్విట్జర్లాండు దేశంలో ఇబాఖ్ అనే ఊరిలో కార్ల్ ఎల్‌సెనర్ 1884లో కత్తుల కార్ఖానా పెట్టినాడు. ఆ దేశపు సైనికుడికి డబ్బాలోని ఆహారం తెరవడానికి ఒక పనిముట్టు, తుపాకి విడదీయడానికి స్క్రూడ్రైవర్ అవసరమైనవి. అలుగు, డబ్బా కోసే పరికరం, స్క్రూడ్రైవర్, రంధ్రం చేసే సూది గల సైనికుల చాకును ఎల్‌సెనర్ 1891 నుండి సరఫరా చేసినాడు. అది బరువైనది. 1897లో ఆయన తేలికైన మరొక చాకును రూపొందించినాడు. ఒకే స్ప్రింగును పిడికి రెండు వైపులా ఉన్న పరికరాలకు ఉపయోగపడేటట్లు అమర్చడం అందులోని కిటుకు. అందువలన మందం పెరగకుండ పరికరాలు పెరిగినవి. తల్లి మరణానంతరం 1909లో ఆమె పేరు విక్టోరియాను తన సరుకునకు పెట్టుకున్నాడు. తుప్పు పట్టని ఉక్కును సూచించే ‘ఇనాక్స్’ అనే మాట 1921లో దానికి తోడై ‘విక్టోరినాక్స్’ అయినది.

రెండవ మలుపు అమెరికాలో వచ్చినది. టిమ్ లెదర్‌మన్ అనే ఇంజనీరింగ్ పట్టభద్రుడు 1975లో భార్యతో కలిసి ఐరోపాలో పాత ఫియట్ కారులో తిరిగినాడు. కారు మొరాయించినప్పుడు, బస చేసిన గదులలో కుళాయిలు కారినప్పుడు జేబులో చాకు ఉన్నది గాని బిగించి పట్టుకునే పట్టుకారు లేదు. ఇంటికి చేరి పట్టుకారునే వెన్నెముకగా చేసి, తక్కిన పరికరాలను దాని పిడులలో మడిచిపెట్టే సాధనాన్ని తయారు చేయబూనినాడు. 1980లో పేటెంటు లభించినది. మొదటి సరుకు అమ్ముడైనది 1983లో. ఒక చిన్న కొరత మనసులో నాటుకొని వస్తువుగా మారడానికి ఎనిమిదేండ్లు పట్టినదన్నమాట.

ఇక ఎంపిక విషయం. దుకాణంలో గాజు పలక వెనుక ముప్పది పరికరాల చాకును చూచినప్పుడు కన్ను చెదరడం సహజం. కాని గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని మన పెద్దలు ఊరకనే అనలేదు. నేను కొనడానికి ముందు ఒక నెల దినాలు, పనిముట్టు కావలసి వచ్చిన ప్రతిసారి ఒక చిన్న పుస్తకంలో వ్రాసుకున్నాను. నాన్నగారి కళ్ళజోడు స్క్రూ వదులైనది. చెల్లెలి కుట్టుబట్టకు దారం తెంపవలసి వచ్చినది. పార్సెలు విప్పవలసి వచ్చినది. చెప్పు పట్టీకి రంధ్రం చేయవలసి వచ్చినది. వేలిలో ముల్లు విరిగినది. మామిడిపండు కోయవలసి వచ్చినది. నెల ముగిసిన తరువాత చూడగా స్క్రూడ్రైవర్, కత్తెర తరచుగా కనిపించినవి. అలుగుతో పని అప్పుడప్పుడే పడినది. ఎవరి పుస్తకం వారికి వేరొక జాబితాను ఇస్తుంది. ఆ జాబితాయే మీ చాకు.

పరిమాణంలో 58 మిల్లీమీటర్ల చిన్న రకం, చిన్న అలుగు, కత్తెర, గోళ్ళ ఆకురాయి, ముల్లు తీసే చిమటాతో కలిపి ఇరువది గ్రాముల పైచిలుకు మాత్రమే తూగుతుంది. తాళంచెవుల గుత్తిలో ఇమిడిపోతుంది. 91 మిల్లీమీటర్ల మధ్యరకంలో అలుగు, డబ్బా, సీసా తెరిచే పరికరాలు, సూది ఉంటవి. సాదా రకాలు అరువది గ్రాములకు అటూ ఇటూ. పట్టుకారు గల పెద్ద సాధనం సుమారు 240 గ్రాములు ఉంటుంది. మోటారు సైకిలు మరమ్మతులు, విద్యుత్ పనులు చేసేవారికి అది న్యాయమే గాని, తరగతికి వచ్చే విద్యార్థి చొక్కా జేబును అది కిందికి లాగివేస్తుంది. బరువని ఇంట్లో వదిలిన పనిముట్టు లేనిదానితో సమానం. మధ్యరకంలోని మరమేకును చూచి మన ఇళ్ళలో దీనికేమి పని అనుకున్నాను. దాని మలుపుల నడుమ కళ్ళజోడు స్క్రూకు తగిన అతి చిన్న స్క్రూడ్రైవర్ బిగించుకోవచ్చునని, బిగిసిన ముడులు దానితో సులువుగా విప్పవచ్చునని తరువాత తెలిసినది.

మన బజారు సంగతి కూడ మరువరాదు. గోళ్ళు తీసుకునే సాధనానికి చిన్న అలుగు, ఆకురాయి, సీసా మూత తీసే కొక్కెం చేర్చి అమ్మేది మన దేశంలో ఇంటింటా ఉన్నదే. ఎలక్ట్రీషియన్ల చొక్కా జేబులోని టెస్టర్ మరొకటి. లోపలి నియాన్ దీపానికి గొప్ప నిరోధకం జోడించి ఉండడం చేత మన శరీరం గుండా ప్రవహించే విద్యుత్తు అత్యల్పమై, దీపం మాత్రం వెలుగుతుంది. అదే మొన స్క్రూ కూడ తిప్పుతుంది. ఇచ్చట ఒక హెచ్చరిక అవసరం. లోహపు పిడి గల చాకునకు ఇట్టి రక్షణ లేదు. 230 వోల్టుల తీగ దగ్గరకు దానిని తీసుకొని పోరాదు. స్విచ్చుబోర్డు విప్పేముందు మెయిన్ ఆపవలెను.

చవకదైనా ఖరీదైనదైనా కొనేముందు చేతితో పరీక్షించవలెను. ప్రతి పరికరాన్ని తెరిచి మూయండి; ‘టక్’మని నిలవవలెను, ప్రక్కలకు ఊగరాదు. పిడిని వెలుతురునకు ఎత్తి చూస్తే పొరల నడుమ సందు కనిపించరాదు. కత్తెర పలుచని కాగితాన్ని నలపక కోయవలెను. అలుగు మిక్కిలి గట్టి ఉక్కుదై ఉండవలెనన్నది అపోహ. స్విస్ చాకుల అలుగు రాక్‌వెల్ కొలమానంలో 56 ప్రాంతంలో ఉంటుంది. అందువలన పదును కొంత త్వరగా పోయినా సాధారణ సానరాయిపై కొద్ది నిముషాలలో తిరిగి వస్తుంది. రాయికి అలుగునకు నడుమ పదునైదు, ఇరువది డిగ్రీల కోణం ఉంటే చాలును. పండు కోసిన తరువాత తుడవడం, నెలకొకసారి గోరువెచ్చని సబ్బునీటిలో కడిగి ఆరబెట్టి కీళ్ళలో ఒక చుక్క కుట్టుమిషను నూనె వేయడం, ఇంతకు మించి అది మననుండి ఏమీ కోరదు.

మర్యాద సంగతి కష్టతరమైనది. మన దేశపు ఆయుధాల నిబంధనలు తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు గాని, రెండు అంగుళాలకు మించిన వెడల్పు గాని గల అలుగులను ఆయుధాల పట్టికలో చేర్చినవి. గృహ, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకై చేసినవాటిని అందులోనుండి మినహాయించినవి. రెండున్నర అంగుళాల మడత చాకు ఆ దరిదాపులకు రాదు. కాని పుస్తకంలోని చట్టం వేరు, ద్వారం దగ్గరి అనుమానం వేరు. ఒకసారి పొరుగూరిలో ఒక సభకు వెళ్ళినప్పుడు కాపలాదారు నా జేబులోని చాకు తీసి చూచి పేరు అడిగినాడు. చెప్పినాను. అతడు చాకును మరొకసారి, నన్ను మరొకసారి చూచినాడు. కత్తెర, చిమటా తెరిచి చూపబోతే, “చాకు చాకే తమ్ముడూ, లోపలికి వీలులేదు” అన్నాడు. అతని నిబంధనలో తప్పేమీ లేదు. ఆ రెండవ చూపు మాత్రం చాల దూరం నా వెంట వచ్చినది. ఎదుటి చాయ్ దుకాణం పెద్దాయనకు దానిని అప్పగించి లోపలికి వెళ్ళినాను. తిరిగి వచ్చేసరికి ఆయన చిరునవ్వుతో, “నీ కత్తెర మంచిది బేటా, పాల ప్యాకెట్లన్నీ దీనితోనే కోసినాను” అన్నాడు. ఒకే వస్తువు. రోడ్డునకు ఒక వైపున భయం, మరొక వైపున ఉపకారం.

ఈ రెండింటి నడుమ మనం ఎటు నిలుస్తామన్నది మన నడవడిని బట్టి ఉంటుంది. అందుచేత నేను కొన్ని నియమాలు పెట్టుకున్నాను. సభలకు, పరీక్షలకు, జనసమ్మర్దానికి పోయేటప్పుడు చాకు ఇంటనే ఉంటుంది. అట్టి చోట్లకు అలుగు లేని కత్తెర, స్క్రూడ్రైవర్ల రకం కూడ దొరుకుతుంది గాని, దానినైనా అడిగిన తరువాతనే లోపలికి తీసుకొనిపోతాను. విమానంలో పోవలసి వస్తే అది పెద్ద సామానులో పోవలెనే గాని చేతిసంచిలో కాదు. నలుగురిలో ఊరక తెరిచి మూసి ఆడుకోరాదు. ఇతరులకు ఇచ్చేటప్పుడు మడిచి ఇవ్వవలెను. తెరిచి ఇవ్వక తప్పదంటే బల్లపై పెట్టి వారిని తీసుకోనివ్వవలెను. మాట పెరిగిన చోట చేయి ఆ జేబు వైపు పోనే పోరాదు. కోపంలో ఒక్కసారి తెరిచిన చాకు అటు తరువాత ఎన్నటికీ పనిముట్టు కాజాలదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. విద్యార్థుల జేబులలో ఏమి ఉండరాదో చెప్పడం మీ ధర్మం, దానిని శిరసావహిస్తాము. దానితోపాటు గ్రంథాలయంలో పుస్తకాలను ఎరువిచ్చినట్లే స్క్రూడ్రైవర్, పట్టుకారు, కత్తెర, టెస్టర్ గల చిన్న పెట్టెను కూడ సంతకం తీసుకొని ఇచ్చే ఏర్పాటు చేయించగలరు. ఊగే బల్ల కాలును, వదులైన తలుపు గొళ్ళెమును మా చేతులతోనే బిగించుకుంటాము.

మిత్రులారా, విరిగినదాన్ని చూచి ‘ఎవరో బాగుచేస్తారులే’ అని దాటిపోవడం మనలో చాలమందికి అలవాటైపోయినది. జేబులో చిన్న పనిముట్టు ఉన్నవాడు ఆ మాట అంత సులువుగా అనలేడు. చేయి దానంతట అదే జేబులోకి పోతుంది. చాకు ఇచ్చే లాభాలలో ఇదే పెద్దదని నా అభిప్రాయం. కొనేటప్పుడు మీ అవసరాన్ని కొలవండి, వెంట ఉంచుకునేటప్పుడు ఎదుటివారి భయాన్ని కూడ కొలవండి. ఆ రెండు కొలతలు సరిపోయిన చాకును ఏ తల్లీ కాదనదు.