చల్లగానే ఉన్నది కదా అనుకున్నాం

బెల్లంపల్లిలో మే నెల ఎండ ఎరిగినవారికి చల్లని గది ఒక వరం. ఆ చల్లదనమే ఒక లోపం కావచ్చునని ఎవరికీ తోచదు. వైద్యుడినై ఉండి నాకూ తోచలేదు.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక ఆసుపత్రి ఆపరేషన్ థియేటరుకు సెంట్రల్ ఏసీ అమర్చారు. ఒక వానాకాలం అక్కడ శస్త్రచికిత్స జరిగిన వృద్ధురాలు వార్డుకు వచ్చాక పళ్లు టకటక కొట్టుకునేలా వణికారు. వెన్నులో మత్తుమందు ఇచ్చినప్పుడు వణుకు మామూలేనని కంబళి కప్పించి ఊరుకున్నాను. ఆ వారంలోనే మరో ఇద్దరు వణికారు. థియేటరులో థర్మామీటరు 16 డిగ్రీలు చూపుతూనే ఉన్నది. ఏసీ భేషుగ్గా పనిచేస్తున్నదని మేము మురిసిపోయాం. గౌను, మాస్కు ధరించి దీపాల కింద నిలబడే సర్జనుకు అది హాయి. మత్తులో, ఒంటిపై బట్ట లేకుండా పడుకున్న రోగికి కాదు.

వృద్ధురాలి భర్త సింగరేణిలో ఓవర్‌మన్‌గా చేసి రిటైరయిన మనిషి. బొగ్గుగనుల్లో తడిగుడ్డ చుట్టిన థర్మామీటరుతో గాలిని పరీక్షిస్తారు; ఆ అంకె 33.5 డిగ్రీలు దాటరాదని నిబంధన. ఆయన నన్ను అడిగాడు: "డాక్టర్ సాబ్, అర్రల చూస్తె ఏం ఎరుకైతది? గాలి వచ్చే తొవ్వల చూసిన్రా?"

చూడలేదు. మెకానిక్‌ను పిలిపించి ఏసీ పెట్టె తెరిపించాను. లోపల గాలి మొదట కూలింగ్ కాయిల్ మీదుగా పోయి బాగా చల్లబడుతుంది, తనలోని తేమను నీటిచుక్కలుగా వదిలేస్తుంది. అంత చలిగాలిని నేరుగా గదిలోకి వదలరాదు గనుక ఆ తరువాత హీటరు దానిని కొంత వెచ్చబరచాలి. ఏసీలో హీటరేమిటని నేనే ఆశ్చర్యపోయాను. దానికి ముందొక థర్మామీటరు, వెనుకొక థర్మామీటరు పెట్టించాం. రెండింటిలోనూ 12 డిగ్రీలే. హీటరు ఏనాడు కాలిపోయిందో ఎవరికీ తెలియదు.

దీనికి విరుద్ధమైన లోపం మరింత గడుసుది. హీటరు ఆగకుండా వెలుగుతూ ఉంటే, కూలింగ్ దానితో పెనుగులాడి గదిని 21 డిగ్రీల వద్దనే నిలుపుతుంది. పారాసిటమాల్ మింగి జ్వరం లేదనుకున్నట్టే. కరెంటు బిల్లు ఒక్కటే నిజం చెబుతుంది. హీటరు ఆపిన తరువాత కూడా దాని వెనుక గాలి వెచ్చగానే వస్తున్నదంటే స్విచ్చు అతుక్కుపోయి ఉండవచ్చు.

ఎన్ఏబీహెచ్ మార్గదర్శకాల్లో థియేటరుకు 21 డిగ్రీలు, అటూ ఇటూ 3 డిగ్రీలు అని ఉన్నది. 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒక పరిశోధనను ప్రచురించింది. పెద్దపేగు శస్త్రచికిత్స జరిగిన 200 మందిలో, ఒళ్లు వెచ్చగా ఉంచినవారిలో 6 శాతానికి, చల్లబడినవారిలో 19 శాతానికి గాయం చీముపట్టింది.

ఆ వృద్ధురాలి గాయమూ చీముపట్టింది. మానడానికి నెల దాటింది. చలి వల్లనే అని చెప్పలేను, కాదనీ చెప్పలేను. గది వేడి రోజూ చూశాం గాని, ఆనాడు ఆమె ఒంటి వేడి ఎవరమూ కొలవలేదు.