మెదడుకు బలం ఇంజెక్షన్

పక్షవాతం వార్డులో రెండో రోజో మూడో రోజో బంధువులు తప్పకుండా అడిగే మాట ఒకటుంది. "డాక్టరుగారూ, మెదడుకు బలం ఇంజెక్షన్ ఏదో ఉందటగా, అది రాస్తారా?" చుట్టాల్లో ఎవరో అది వేయించుకుని లేచి తిరుగుతున్నారని విని వస్తారు. వాళ్లు అడిగేది సెరెబ్రోలైసిన్ గురించి, లేదా ఆ కోవకే చెందిన సెరెబ్రోప్రోటీన్ హైడ్రోలైజేట్ గురించి.

సెరెబ్రోలైసిన్‌ను ఆస్ట్రియాలో తయారుచేస్తారు. పంది మెదడులోని ప్రోటీన్లను ఎంజైములతో చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టి శుద్ధి చేస్తే వచ్చే ద్రవం అది. అందులో కొంత పెప్టైడ్లు, ఎక్కువ భాగం విడి అమైనో ఆమ్లాలు. దీన్ని సమర్థించేవారి వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. నరకణాలు బతకడానికి, కొమ్మలు వేయడానికి కొన్ని ప్రోటీన్లు తోడ్పడతాయి. ఆ కోవలో మొదటిదాన్ని వెలికితీసినందుకు రీటా లెవీ మోంటాల్చినీ, స్టాన్లీ కోహెన్‌లకు 1986లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే అవి పెద్ద ప్రోటీన్లు, నరంలోకి ఎక్కించినా మెదడు లోపలికి సరిగా చేరవు. చిన్న పెప్టైడ్లు చేరి అలాంటి పనే చేస్తాయని వీరి ఆశ.

ఆశ వేరు, రుజువు వేరు. కోనసీమ నుంచి ఒక కొబ్బరి దింపు కార్మికుణ్ణి తీసుకొచ్చారు. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పోయింది. ముందు పసరు పోయించి, మర్నాడు మా దగ్గరికి వచ్చారు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. ఆ వేళ ఎప్పుడో దాటిపోయింది. "మాట వస్తుందంటే చెప్పండి సార్, అమ్మ పుస్తెలతాడు తాకట్టు పెడతాను" అన్నాడు కొడుకు. వద్దన్నాను.

పక్క మంచం మనిషిదీ దాదాపు అదే జబ్బు. ఆయనకు వేరేచోట మొదలుపెట్టిన బలం ఇంజెక్షన్ల కోర్సు మా దగ్గర పూర్తయింది. మూడో వారంలో ఇద్దరికీ వేళ్లు కదిలాయి. ఇంజెక్షన్ మహిమ అని పక్క మంచంవాళ్లు నమ్మారు. మా కార్మికుడికి ఆ మందు చుక్క కూడా ఎక్కలేదు. పక్షవాతం వచ్చాక మెదడు వాపు తీస్తుంది, దెబ్బతిన్న చోటికి చుట్టూ ఉన్న కణాలు తేరుకుంటాయి, పోయిన పనిని వేరే భాగాలు నేర్చుకుంటాయి. మొదటి మూడు నెలల్లో ఈ కోలుకోవడం చాలా చురుగ్గా సాగుతుంది. ఆ రోజుల్లో ఏ మందు ఇచ్చినా పేరు దానికే పోతుంది.

అందుకే ఇచ్చినవాళ్లనూ ఇవ్వనివాళ్లనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆసియా దేశాల్లో 1,070 మంది రోగులతో అలాంటి పరీక్ష చేసి 2012లో ఫలితాలు ప్రచురించారు. రోజుకు 30 మిల్లీలీటర్లు, పది రోజులు ఎక్కించారు. తొంభై రోజులకు చూస్తే రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. 2016లో వచ్చిన మరో పరీక్షలో 208 మందికి వ్యాయామంతో కలిపి 21 రోజులు ఇస్తే చేతి కదలిక మెరుగైంది. దాని ఖర్చు తయారీ సంస్థదే. యూరప్ న్యూరాలజీ సంఘాలు కూడా 2021లో తొలి దశ వ్యాయామ చికిత్సకు తోడుగా ఈ మందును సూచించాయి. కాక్రేన్ సమీక్షకులు మాత్రం ఏడు పరీక్షలను కలిపి చూసి, మరణాలు తగ్గడం లేదనీ, ప్రాణం తీయకపోయినా తీవ్రమైన దుష్ఫలితాలు పెరిగే అవకాశం ఉందనీ 2020లో తేల్చారు. అమెరికాలో దీనికి ఎఫ్‌డీఏ అనుమతి లేదు. ఈ లెక్కలన్నీ చూశాక తాళి తాకట్టు పెట్టమని ఏ డాక్టరు చెప్పగలడు?

తలకు దెబ్బ తగిలినవారి విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. హెల్మెట్ లేకుండా బైకు మీంచి పడ్డ ఒక కుర్రాడి తల్లి ఇదే మందు అడిగింది. అతనికి అప్పటికే ఫిట్స్ మొదలయ్యాయి. మూర్ఛ ఉన్నవారికి, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి ఈ మందు వాడకూడదు. ఫిట్స్ మాత్రలు తప్పకుండా వేయడం, రాత్రి నిద్ర చెడకుండా చూడటం, రోజంతా ఒకే వరసలో గడిచేలా ఇల్లు సర్దుకోవడం, ఇవే ఆ అబ్బాయి కోపాన్నీ మరుపునూ నెమ్మదిగా దారికి తెచ్చాయి.

మతిమరుపుకి ఈ కోర్సు వేయించమని ఒక రిటైరైన మాస్టారిని తీసుకొచ్చారు. రెండు నెలల కిందట స్నానాలగదిలో జారి తల తలుపుకి కొట్టుకుందని మాటల మధ్యలో ఆయన భార్య చెప్పింది. సీటీ తీయిస్తే పుర్రె కింద రక్తం గూడుకట్టి మెదడును నొక్కుతోంది. పుర్రెకు చిన్న రంధ్రాలు చేసి దాన్ని తీసేశాక మాస్టారు మళ్లీ పేపరు చదివి మనవడికి అర్థం చెప్పడం మొదలుపెట్టారు. బీ12 లోపం, థైరాయిడ్, మనసు కుంగిపోవడం, ఇవన్నీ మతిమరుపు వేషంలోనే వస్తాయి. వెతక్కుండా బలం మందు ఎక్కిస్తే అసలు జబ్బుకు దక్కాల్సిన కాలం చేజారిపోతుంది.

"ఇది దేంతో చేస్తారు సార్?" అని ఒక ముస్లిం పెద్దాయన అడిగారు. పంది మెదడుతోనని చెప్పాను. రక్తం గడ్డకట్టకుండా ఆయన తమ్ముడికిస్తున్న హెపారిన్ కూడా పంది పేగుల నుంచే వస్తుందనీ, దాని అవసరం ఎంతుందో కూడా చెప్పాను. హెపారిన్‌కి ఒప్పుకున్నారు, బలం ఇంజెక్షన్ వద్దన్నారు. జంతువు నుంచి వచ్చినంత మాత్రాన మందు చెడ్డదవదు. పంది, ఆవు క్లోమం నుంచి తీసిన ఇన్సులిన్ దశాబ్దాలపాటు ఎన్నో ప్రాణాలు నిలిపింది. గొర్రె మెదడుతో చేసిన కుక్కకాటు టీకా బొడ్డు చుట్టూ వేయించుకున్నవారు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. ప్రాణం కాపాడే ఆ టీకాయే కొందరికి పక్షవాతం తెచ్చేది. ఇంతకంటే మంచి టీకాలు వచ్చాక 2004లో మన దేశంలో దాన్ని ఆపేశారు. ఏ మందుకైనా మేలెంత, కీడెంత అన్నదే కొలత. అది దేనితో తయారైందో తెలుసుకునే హక్కు మాత్రం రోగిది.

కొబ్బరి దింపు కార్మికుడి భార్య రోజూ పళ్లెంలో చింతగింజలు పోసి, పడిపోయిన చేత్తోనే ఒక్కొక్కటి ఏరి గిన్నెలో వేయించేది. ఫిజియోథెరపిస్టు చూపించిన పని అది. నోట మొదట వచ్చిన మాట "నీళ్లు".

ఇప్పుడు నన్ను అడిగే ప్రతి కుటుంబానికీ ఖర్చు వరస రాసిస్తున్నాను. ముందు బీపీ, షుగరు మాత్రలు ఒక్కరోజు కూడా ఆగకూడదు. తర్వాత ఫిజియోథెరపీకి, మాట నేర్పించే చికిత్సకు. ఆ తర్వాత, మంచం పక్కన కూర్చునే మనిషి పోగొట్టుకునే కూలికి. ఇవన్నీ తీరాక డబ్బు మిగిలి, ఇంజెక్షన్ ఇంకా కావాలంటే, అది ఎలా తయారవుతుందో, పరీక్షల్లో ఏం తేలిందో దాచకుండా చెప్పి నిర్ణయం వాళ్లకే వదిలేస్తాను.