మూరెడు కొరమేను

మా అయ్య చేపని కిలోల్లో చెప్పేవాడు కాదు. జానలో, మూరలో చెప్పేవాడు. కూలి దొరకని రోజు ఊత భుజానేసుకుని మురుగుకాలవకి పోయేవాడు. సాయంత్రం గట్టెమ్మట వస్తూ "ఏమేయ్, మూరెడు కొరమేను" అని దూరం నుంచే కేకేసేవాడు. ఆ కేక వింటే మా అమ్మ పక్కింటికి పోయి చింతపండు అడిగేది.

మాది గోదావరి డెల్టాలో కొల్లేటికి ఎగువ ఊరు. చెరువు మాది కాదు. పాటలో పెద్దకులాలోళ్లు పాడుకున్న చెరువులో మా పల్లె పిల్లోడు గేలం వేస్తే చెట్టుకి కట్టేసేవాళ్లు. మాకు మిగిలింది మురుగుకాలవ, వరిచేల గుంటలు, వేసవిలో కాలవ కట్టేసినప్పుడు ఉండిపోయే మడుగులు.

ఒకసారి నీళ్లమీద కుంకం చల్లినట్టు ఎర్రగా చేపపిల్లల గుంపు కనపడింది. కొరమేను పిల్లలు. తల్లో తండ్రో కిందనే కాపలా కాస్తా ఉంటది, వదిలి పోదు. అంత సుళువుగా దొరికే చేప ఇంకోటి లేదు. అయ్య ఊత ఎత్తాడు, మళ్లీ దించాడు. "వద్దులేరా. దీన్ని పడితే ఇయ్యన్నీ జెల్లల పాలు" అన్నాడు. మర్నాడు ఇంట్లో గింజల్లేక తనే పోయి దాన్ని పట్టుకొచ్చాడు. ఈ సంగతి దాచి రాస్తే మా అయ్య దేవుడైపోతాడు. ఆయన ఆకలైన మనిషి.

ఇప్పుడు నేను సర్కారు బడిలో మాస్టర్ని. మా వంశంలో డిగ్రీ మొహం చూసింది నేనే. ఆమధ్య ఒక ఆఫీసరు బడికొచ్చి, కాలవల్లో చేప లేకుండా పోయింది దోమతెరలతో పిల్లల్ని ఊడ్చేసేవాళ్ల వల్లేనని చెప్పి పోయాడు. మూడో వరసలో పిల్ల తలొంచుకుంది. వాళ్లమ్మది దోమతెరే.

దోమతెర తప్పే. గుడ్లు పెట్టే ఈడు రాని చేపని తినేస్తే ముందేడుకి చేప ఉండదు. ఆ మాట పిల్లలకి నేనూ చెప్పాను. కానీ కెనడా దగ్గర న్యూఫౌండ్‌లాండ్ సముద్రంలో కాడ్ చేపని ఊడ్చింది దోమతెరలు కాదు, ఫ్యాక్టరీలంత ట్రాలర్లు. 1992లో అక్కడ వేటే ఆపేశారు. ముప్పైవేల మందికి పని పోయింది. 2024లో గాని ఆ నిషేధం ఎత్తలేదు, అప్పటికీ చేప మునుపటంత కాలేదు. పెద్దవాటిని ఏరుకుంటా పోతే చిన్నతనంలోనే గుడ్లు పెట్టే రకాలే మిగుల్తాయి. ముప్పై కిలోల కాడ్ ఒక్కటి పెట్టే గుడ్లు, రెండేసి కిలోలవి 28 కలిసినా పెట్టలేవు. బోర్డు మీద ఆ లెక్క రాస్తుంటే మా అయ్య ఊత ఎత్తి దించిన చెయ్యి గుర్తొచ్చింది.

సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట ఆపి, ఆపినందుకు భృతి ఇస్తారు. మంచి పని. వానల్లో చేప పిల్లలు పెట్టే కాలాన మా కాలవలోనూ ఆపమనండి, ఆపుతారు. ఆ నెలలు గంజి ఎవరు పోస్తారు?

ఇంటికొచ్చిన చేపనల్లా స్కేలుతో కొలిచి రాయమని పిల్లలకి చెప్పాను. నెల తిరిగాక నోటుపుస్తకాలు తెచ్చారు. పరిగె, ఆరు సెంటీమీటర్లు. జెల్ల, తొమ్మిది. ఆ మూడో వరస పిల్ల కొరమేను గడి కూడా గీసుకుంది. నెలంతా అందులో ఏమీ రాయలేదు.

"దీనికి ఎంత రాయమంటారండీ మాస్టారూ?" అంది.

నేను మోచేతి నుంచి వేలికొస దాకా చూపించాను. పిల్లలు నవ్వారు.