నివురుగప్పిన ఇంధనం

గోదావరీ పరీవాహక ప్రాంతపు భూగర్భంలో నిక్షిప్తమైన బొగ్గు తెలుగువారికి చిరపరిచితమైన సంపద. ఇల్లందు ప్రాంతంలో 1889 నాటికే గనులు వెలిశాయి. ఆ బొగ్గు రైలుబండ్లను నడిపింది, కర్మాగారాలను నిలబెట్టింది. దానినే పొయ్యిలో వేసుకొన్న ఇల్లాలికి మాత్రం కంట నీరు, దగ్గు, మసిబారిన గోడలు మిగిలాయి.

ఆ పొగను వదిలించే పూనిక హైదరాబాదులోని ప్రభుత్వ పరిశోధనాలయంలో సాగింది. 1944లో నిజాం ప్రభుత్వం నెలకొల్పిన ఆ సంస్థ 1956లో ప్రాంతీయ పరిశోధనాలయమైంది. నేడు అది భారతీయ రసాయన సాంకేతిక సంస్థ. అక్కడి శాస్త్రజ్ఞులు సింగరేణి బొగ్గును గాలి సోకనీయక ఆరేడు వందల డిగ్రీల వేడిలో కాల్చి చూశారు. పొగకు మూలమైన తారు, వాయువులు ముందే వేరుపడగా, మిగిలినది పొగరాని ఇంధనమైంది.

అసలు చిక్కు బూడిదతో వచ్చింది. మన బొగ్గులో నూటికి 30 నుండి 45 పాళ్ల వరకు బూడిదే. అది కడిగితే పోయే మురికి కాదు. బొగ్గు ఏర్పడిననాడే అణువణువునా కలిసిపోయిన మన్ను. బొగ్గును వాయువుగా మార్చే విదేశీ కొలుములు కొన్ని ఆ బూడిదను కరిగించి ద్రవంగా జార్చివేస్తాయి. మన బొగ్గును వాటిలో వేస్తే, మన్ను కరిగించడానికే ఎంతో వేడి వ్యయమవుతుంది. పొరుగువాని కొలతలకు కుట్టిన అంగీ మన ఒంటికి పట్టదు కదా!

కనుక బూడిద కరగని కొలిమి కావలసివచ్చింది. ప్రభుత్వరంగ సంస్థ భెల్ హైదరాబాదులో నిర్మించిన అట్టి ప్రయోగాత్మక కర్మాగారం 2022 జనవరిలో జాతికి అంకితమైంది. అందులో నలిపిన బొగ్గు కిందినుండి ఎగదన్నే వాయుప్రవాహంలో, ఎసట్లోని బియ్యపు గింజల వలె పైకీ కిందికీ కదులుతుంది. పూర్తిగా మండనీయక ఆపడం వలన కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ వెలువడతాయి. గంధకాన్ని తొలగించి, వాటినుండి మిథనాల్ తయారు చేస్తారు. రోజుకు 1.2 టన్నుల బొగ్గుకు లభించేది పావు టన్ను, అనగా సుమారు ఒకటిన్నర పీపాలు! పరిమాణం స్వల్పమే. కాని అధిక బూడిద గల బొగ్గునుండి స్వదేశీ విధానంలో 99 శాతానికి మించిన స్వచ్ఛత గల మిథనాల్ లభించడం స్వల్ప విషయం కాదు.

అయినను మసి, గంధకం తొలగినంత సులభంగా కార్బన్ తొలగదు. మిథనాల్ తయారీలోనే కార్బన్ డయాక్సైడ్ విస్తారంగా పుడుతుంది. దానిని పట్టి నిలువ చేయకుంటే గాలిలో కలుస్తుంది. 2030 నాటికి 10 కోట్ల టన్నుల బొగ్గును వాయువుగా మార్చాలన్నది కేంద్రప్రభుత్వ లక్ష్యం. అందుకై 2024 జనవరిలో 8,500 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. ఆ కొలుములనుండి వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కడ దాచాలన్న ప్రశ్న ఇప్పుడు శాస్త్రజ్ఞుల ముందున్నది.