పాత బేస్ గిటారు – క్రొత్త శిష్యరికము

విద్యకు వయస్సు అడ్డు కాదని మనము బాలబాలికలకు నిత్యమును బోధింతుము. అయినను నలువది యేండ్లు దాటినపిమ్మట క్రొత్తవిద్య నారంభించు పెద్దలు మనలో మిక్కిలి తక్కువ. గతసంవత్సరము చీరాలలో నొక యువకుడు ఉద్యోగార్థమై హైదరాబాదునకు పోవుచు, తన విద్యుత్ బేస్ గిటారును నాలుగువేల రూపాయలకు అమ్మజూపగా, మేము దానిని కొని ఈపురుపాలెమునకు తెచ్చుకొంటిమి. దానివలన కలిగిన యానందమును, తెలిసికొనిన సంగతులను చదువరుల కిందు నివేదించుచున్నాము.

ఈ వాద్యము ప్రాచీనమైనది కాదు. పూర్వము పాశ్చాత్యులు మంద్రస్వరములకై మనుష్యుని యెత్తుగల డబుల్ బేస్ అను వాద్యమును నిలువబెట్టి వాయించుచుండిరి. దానిని మోసికొనిపోవుట కష్టము. పెద్దమేళములో దాని ధ్వని వినబడుట అంతకంటెను కష్టము. అమెరికాలోని కాలిఫోర్నియాయందు లియో ఫెండర్ అను నతడు 1951లో భుజమునకు తగిలించుకొనదగిన విద్యుత్ బేస్‌ను విక్రయమునకు తెచ్చెను. వీణకువలె మెట్లుండుటచే స్వరము గురితప్పక పలుకును. అంతకుముందు నిట్టి ప్రయత్నములు జరిగినను, లోకమున వ్యాపించినది ఇదియే.

దీనికి నాలుగు తంతులు. అన్నిటికంటె లావైన తంతి సెకనునకు సుమారు 41 మారులు కంపించును. దాని ప్రక్కది 55 మారులు. మా వాద్యమున తంతి పొడవు 34 అంగుళములు. పండ్రెండవ మెట్టుకడ నొక్కినచో పలుకుభాగము 17 అంగుళములై, అదే స్వరము పైస్థాయిలో వినబడును. తంతుల క్రింద అయస్కాంతములచుట్టు సన్నని రాగితీగె చుట్టబడియున్నది. ఉక్కుతంతి కదలినప్పుడు ఆ తీగెలో స్వల్పవిద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే కనుగొనిన సూత్రమే యిది. పుస్తకములో చదివిన పాఠమును మా విద్యార్థులు ఈ వాద్యముకడ వ్రేలితో మీటి గ్రహించిరి.

పాతవస్తువు గనుక లోపములు లేకపోలేదు. రంగు ఊడియుండెను, బిరడ యొకటి వదులు, ధ్వని పెంచు బుడిపెను త్రిప్పినప్పుడెల్ల చిటపట శబ్దము వచ్చుచుండెను. రేడియోలు బాగుచేయు నొకరు నూటయేబది రూపాయలు పుచ్చుకొని దానిని సరిచేసిరి. ఇట్టిది కొనదలచువారు మెడ వంగెనో లేదో, ప్రతిమెట్టుకడను స్వరము పలుకునో లేదో చూచుకొనిన చాలును. రంగు చూడ నక్కరలేదు. మరియొక సౌఖ్యము గలదు. విద్యుత్తు తగిలింపనిచో దీని ధ్వని గది దాటదు. కావున రాత్రివేళ ఇరుగుపొరుగువారి నిద్ర చెడకుండ సాధనచేయవచ్చును.

మాకు గురువుగా దొరకినవాడు తొమ్మిదవ తరగతి బాలుడు. తరగతిలో వెనుకబల్లపై మౌనముగా కూర్చుండును. గిటారు మాత్రము చక్కగా నెరుగును. "మాస్టారూ, వ్రేలు మెట్టుమీద కాదు, దానికి కొంచెము వెనుక ఆనించండి" అని ఓపికతో దిద్దెడివాడు. మా వ్రేళ్లు బొబ్బలెక్కినవి, తాళము తప్పుచుండెను. అప్పుడు వాడు, "మా నాయన మగ్గము చప్పుడు వినుచున్నట్లు తలచుకొని వాయించండి, మాస్టారూ" అనెను. తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెనని శిక్షణకళాశాలలో మేము నేర్చిన సూత్రమును వాడు ఎవరును చెప్పకయే యెరిగియుండెను. మగ్గముల యూరిలో ఇంతకంటె మంచి యుపమానము లేదు. పాటకు రాగము పేకయైనచో, మంద్రస్వరము పడుగు.

వాని చదువు చెడునేమోనని తండ్రి భయపడి మాకడకు వచ్చెను. ఆ భయము న్యాయమైనదే. పాఠములు ముగిసినపిమ్మట వారమునకు రెండుదినములు, అరగంట మాత్రమే యని యొప్పందము చేసికొంటిమి. కొన్నివారములకు ఆ బాలుడు తరగతిలో చేయి యెత్తి ప్రశ్నింపసాగెను. తన మాట పెద్దలు విందురని తెలిసినవానికి అడుగు ధైర్యము తానే కలుగును.

ఇక దేవాలయములో దీనిని వాయింపవచ్చునా యను ప్రశ్న వచ్చెను. విద్యుత్ వాద్యముల ఘోషలో కీర్తన మాటలు వినబడవని వృద్ధులు చెప్పిరి. వారి మాట త్రోసివేయదగినది కాదు. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలగు భక్తులు రచించిన మన కీర్తనలు రాగతాళములకు కట్టుబడినవి. పాశ్చాత్యపద్ధతిని స్వరసమూహములను వాని క్రింద పేర్చినచో రాగము నలుగును. కావున షడ్జమ పంచమములను మాత్రము తంబురవలె మెల్లగా పలికించితిమి. వెనుకవరుసలోని అవ్వకు ప్రతిమాటయు వినబడవలెననుట మా నియమము. పరదేశవాద్యమనుమాత్రమున నిరాకరింప బనిలేదు. పాలకొల్లున 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ విద్యుత్ మాండొలినుపై కర్ణాటక సంగీతమును పలికించి, 2014లో గతించులోపల లోకమెల్ల వినిపించెను.

బేస్ వాయించువానిని సభలో నెవరును చూడరు. అతడు ఆగినప్పుడు మాత్రము పాట డొల్లయగును. బలహీనములుగా కనబడు అవయవములు మరి అవశ్యకములని పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయమున బోధించినది ఈ సంగతియే. తలిదండ్రులారా, వెలగల పరికరము లేదని బిడ్డల యభిరుచిని వాయిదా వేయకుడు. విద్యార్థులారా, మీకు వచ్చినది మీ గురువులకు నేర్పుటకు వెనుదీయకుడు. మాకు ఇప్పటికి ఆరు కీర్తనలు వచ్చినవి. ఏడవదానికి గురువుగారు ఇంకను అనుమతి నీయలేదు.