అరకులోయలో మా మనుమని జావగిన్నె

విశాఖపట్నంలో ఉదయాన్నే కిరండూల్ పాసింజరు ఎక్కి కూర్చుంటే, శృంగవరపుకోట దాటిన తరువాత కొండలు ఎదురొస్తాయి. అక్కడి నుండి ఒక సొరంగం తరువాత మరొక సొరంగం. రైలు చీకటిలో దూరినప్పుడెల్లా పిల్లలు కేకలు వేస్తారు. బొర్రా గుహలు దాటి, సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ స్టేషను చేరేసరికి చలి తగిలి, మేము శాలువలు తీసి కప్పుకున్నాము.

మేమిద్దరం భార్యాభర్తలం గోదావరి పల్లపు ప్రాంతం వాళ్ళం. ఈ ప్రయాణం చేసినది విహారానికి కాదు. మా అమ్మాయి అరకు దగ్గర ఒక బడిలో ఉపాధ్యాయురాలు. సెలవు అయిపోగానే ఆరు నెలల బిడ్డను తీసుకుని అక్కడికి వెళ్ళిపోయింది. మనుమణ్ణి చూసి రెండు నెలలైంది గనుక మనసు ఆగక బయలుదేరాము.

అది నవంబరు నెల. లోయ అంతటా వలిసె పూలు పసుపు దుప్పటి పరచినట్లు విరబూశాయి. కళ్ళాల్లో చోడి కంకులు ఆరబోసి ఉన్నాయి. మనం రాగులంటాము, అక్కడివారు చోళ్ళంటారు. దారిలో పొలం పనికి పోతున్న ఒక ముసలాయన భుజాన ఎండిన ఆనపకాయ బుర్ర వేలాడుతూ కనిపించింది. అందులో ఏముందని అడిగితే, "అంబలి బాబూ, సాయంత్రం దాకా ఇదే మాకు" అన్నాడు. రాత్రి కాచి ఉంచి, పులిసిన తరువాత తాగే చోడి అంబలి అది.

మేము ఇల్లు చేరేసరికి పక్కింటి పెద్దమ్మ కాళ్ళు చాపుకుని, బాబును వాటిమీద పడుకోబెట్టి, ఉగ్గుగిన్నెతో రాగిజావ పోస్తున్నది. అమ్మాయి బడికి వెళ్ళినప్పుడు బాబును చూసేది ఆమే. గ్లాసుడు జావ గటగటా తాగేశాడు. మాకు ఎంతో ఆనందం కలిగింది. ఎందుకంటే ఆ రాగిపిండి పంపినది మేమే. "గ్లాసు నీళ్ళకు ఒక చెంచా పిండి, పలచగా కాచండి, చిక్కగా ఉంటే అరగదు" అని ఫోనులో చెప్పినదీ మేమే. మా పిల్లలను అలాగే పెంచామని మా ధీమా.

మరునాడు అంగన్‌వాడీలో పిల్లలను తూచే రోజు. మేమూ వెంట వెళ్ళాము. రేకుల కప్పు, ముందు వెదురు దడి, గోడకు కూరగాయల బొమ్మలు. అక్కడి టీచరమ్మ ఆ కొండ ఊరి ఆడపడుచే. బాబును తూచి కార్డులో చుక్క పెట్టి మౌనంగా ఉండిపోయింది. ఆరో నెలలో 6 కిలోల 900 గ్రాములు. ఎనిమిదో నెలలో 7 కిలోలు. రెండు నెలల్లో పెరిగింది నూరు గ్రాములే. పచ్చ పట్టీలో ఉన్న గీత పసుపు పట్టీ అంచుకు జారింది. మా అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

టీచరమ్మ మందలించలేదు. "అమ్మగారూ, బాబు పొట్ట ఎంత ఉంటుంది? గ్లాసుడు నీళ్ళకే నిండిపోతుంది. ఇంక తిండికి చోటెక్కడ? మా ఊళ్ళోనూ పొలానికి పోయే తల్లులు పెద్దల అంబలే బిడ్డకు పోస్తారు. పెద్దోళ్ళు బుర్రెడు తాగగలరు, బిడ్డ తాగలేడు కదా" అన్నది.

ఆ మాట మాకు గుచ్చుకున్నది. లెక్క వేసి చూశాము. చెంచా పిండి అంటే సుమారు పది గ్రాములు. దానిలో ఉన్నది ముప్పై కాలరీలకు కొంచెం పైన. తల్లిపాలు తాగుతున్న బిడ్డకు 6 నుండి 8 నెలల మధ్య పాలు గాక రోజుకు సుమారు 200 కాలరీలు కావాలి. ఏడు కిలోల బిడ్డ పొట్ట ఒకసారికి పట్టేది దాదాపు 200 మిల్లీలీటర్లు. మేము ఆ చోటంతా నీళ్ళతో నింపాము. పొట్ట నిండిన బిడ్డ తల్లిపాలు కూడా తగ్గించేశాడు. రాగులది తప్పు కాదు. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో దానిలో పదోవంతైనా ఉండదు. తప్పు మా నీళ్ళది.

ఆ సాయంత్రం టీచరమ్మ మా ఇంటికి వచ్చి, జావ కాచి చూపించింది. రెండు చెంచాల రాగిపిండి, అర చెంచా వేయించిన పెసరపప్పు పిండి చన్నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, సన్నని మంట మీద పది నిమిషాలు కలియబెట్టింది. జావ గట్టిపడింది. అప్పుడు మరొక డబ్బా తీసింది. అందులో మొలకెత్తిన చోళ్ళ పిండి ఉన్నది. చోళ్ళు రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలక వచ్చాక ఎండబెట్టి, దోరగా వేయించి విసిరినది. అందులో అర చెంచా చల్లి కలపగానే గట్టి జావ కాసేపటికి మెత్తగా జారింది. నీళ్ళు పోయకుండానే పలచబడింది! మొలకలో పిండిపదార్థాన్ని కరిగించే గుణం ఉన్నది. బరోడా విశ్వవిద్యాలయంలో తారా గోపాల్‌దాస్ గారు, వారి సహచరులు 1980లలో దీనిపై పరిశోధనలు చేశారు. మొలక పిండి వేసిన తరువాత జావను మరొక పొంగు రానిచ్చి దించాలి, అది మరువకూడదు. చివర ఒక చెంచా నెయ్యి వేసింది. బాబును ఒడిలో నిటారుగా కూర్చోబెట్టి చెంచాతో పెట్టింది. పడుకోబెట్టి పోస్తే పొరపోయే ప్రమాదం ఉన్నదని పెద్దమ్మకు నచ్చజెప్పింది.

తల్లులు, అమ్మమ్మలు, నాయనమ్మలు ఈ సంగతులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాము.

ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు మాత్రమే. నిండిన వెంటనే మెత్తని ఆహారం మొదలుపెట్టి, తల్లిపాలు రెండేళ్ళు, ఆపైన కూడా కొనసాగించవచ్చు. మొదట రెండు మూడు చెంచాలు, రోజుకు రెండు మూడుసార్లు. క్రమంగా పూటకు అర కప్పు. ఏడాది దాటితే ముప్పాతిక కప్పు నుండి కప్పు వరకు.

జావ చెంచా వంచితే నీళ్ళలా కారిపోకూడదు, చెంచాను పట్టుకుని ఉండాలి.

కొత్త పదార్థం ఒక్కొక్కటిగా, రెండు మూడు రోజుల ఎడంతో పెట్టండి. దద్దుర్లు, వాపు, వాంతులు కనబడితే ఆపి, ఆలస్యం చేయక వైద్యునికి చూపండి.

ఏడాది లోపు తేనె నాకించవద్దు, అది పసిబిడ్డకు ప్రాణాపాయం తేగలదు. ఉప్పు, చక్కెర వేయనక్కరలేదు. పాలసీసా వద్దు, కడిగిన గిన్నె, చెంచా చాలు.

ఏ పూటకు ఆ పూట కాచండి. రెండు గంటలు దాటినది పారబోయండి. రాత్రి మిగిలిన పులిసిన అంబలి పెద్దలకే.

జావ ఒక్కటే చాలదు. ఉడికించి మెదిపిన గుడ్డు, ముల్లు తీసిన చేప, ఆకుకూర, పండు కూడా పెట్టాలి.

నెలనెలా తూకం వేయించండి. రెండు నెలలు బరువు కదలకపోతే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

మేము వారం ఉండి తిరిగి వచ్చాము. దిగేటప్పుడు అవే సొరంగాలు, అవే పూల పొలాలు. కాని మా ఇద్దరికీ మాటలు తక్కువయ్యాయి. ప్రేమతో చేసినదంతా మేలు కాదని ఈ వయసులో నేర్చుకున్నాము. రెండు నెలల తరువాత అమ్మాయి కార్డు ఫోటో పంపింది. 7 కిలోల 900 గ్రాములు. గీత మళ్ళీ పైకి లేచింది. ఇప్పుడు మా వీధిలో ఏ ఇంట బిడ్డకు ఆరు నెలలు నిండినా మేము వెళ్ళి అడిగే మొదటి మాట ఒక్కటే: "జావ చెంచాకు నిలుస్తున్నదా, అమ్మా?"