పడమటి పల్లెల్లో ఆయుష్షు గుట్టు!

పలమనేరు నుంచి వి.కోట వెళ్లే దారిలో ఉంటుంది బైరెడ్డిపల్లె. చిత్తూరు జిల్లాకు పడమటి కొస. ఓ పక్క కౌండిన్య అడవి, అందులోంచి చేలమీదికొచ్చే ఏనుగులు. ఇంకో పక్క టమోటా తోటలు, మల్బరీ చేలు, పాడి ఆవులు. అది దాటితే కర్ణాటకే. ఈ చుట్టుపక్కల ఏ ఊరి రచ్చబండ దగ్గరైనా పెద్దవాళ్లను కదిపి చూడండి. 'ఎన్నేళ్లు తాతా నీకు?' అంటే అంకె చెప్పేవాళ్లు తక్కువ. ఫలానా కరువునాటికి గొడ్లు కాస్తున్నాననో, చెరువు తెగిన ఏడు పెళ్లయిందనో ఓ కథ మొదలవుతుంది.

సంవత్సరం పేరు చెప్పినా చిక్కే. 'ప్రభవ'లో పుట్టానంటే అది 1927 కావచ్చు, 1987 కావచ్చు. మనిషిని చూస్తే అరవయ్యేళ్ల తేడా తెలిసిపోతుందనుకోండి! కానీ తొంభై అయిదేళ్ల అవ్వకీ నూటమూడేళ్ల అవ్వకీ తేడా చూసి చెప్పగలమా? జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. అంతకుముందు పుట్టిన పల్లెజనంలో చాలామందికి కాగితం లేదు. దీర్ఘాయుష్షు మీద పరిశోధన చేసేవాళ్లకు మొదటి గండం ఇదే. 122 ఏళ్లు బతికి 1997లో చనిపోయిన ఫ్రాన్స్ మహిళ జాన్ కాల్మా రికార్డు నిలబడిందంటే, ఆమె ఊరు ఆర్ల్‌లో రాసిపెట్టిన కాగితాల పుణ్యమే.

పెద్దపెద్దవాళ్ల విషయంలోనూ ఈ తకరారు ఉంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ముద్దేనహళ్లి 2007 దాకా పొరుగునున్న కోలారు జిల్లాలోదే. ఇంటిపేరే చెబుతోంది, పూర్వికులది మన మోక్షగుండమని. 1962లో కన్నుమూసేనాటికి ఆయన నూరు దాటారు. పుట్టింది 1860లోనా, 1861లోనా అంటే మాత్రం పుస్తకాలన్నీ ఒక్కమాట చెప్పవు.

సంగటి ఒక్కటేనా?

ఇంతకాలం ఎలా బతికారంటే అందరూ చెప్పేది తిండి గురించే. రాగిసంగటి, ఊరుబిండి, అనపగింజల కాలంలో పితికిపప్పు, పొద్దున్నే పొలం పని. కాదనడానికి లేదు. కానీ అదే సంగటి తిని అరవైకే మంచం పట్టినవాళ్లూ అదే వీధిలో ఉంటారు. ఒక్క తల్లి బిడ్డల్లోనే ఒకరు త్వరగా పోతారు, ఇంకొకరు ముదిమనవళ్లను ఎత్తుకుంటారు. జన్యువుల మాట వచ్చేది ఇక్కడే.

డెన్మార్క్‌లో వేలమంది కవలల జీవితాలను పరిశీలించి 1996లో ఓ లెక్క తేల్చారు. మనుషుల ఆయుష్షులో కనిపించే తేడాల్లో వారసత్వం వాటా దాదాపు నాలుగో వంతు అని. అంత లేదని కొందరు, ఇంకా ఎక్కువేనని కొందరు ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నారు. ఎనభై, తొంభై దాటినకొద్దీ ఆ వాటా పెరుగుతుందన్నది మాత్రం చాలామంది ఒప్పుకునే మాట. హవాయిలోని జపాన్ సంతతి మగవాళ్లలో ఫాక్సో3 అనే జన్యువుకీ దీర్ఘాయుష్షుకీ సంబంధం ఉందని 2008లో బయటపడింది. అపోఈ జన్యువులో ఒక రకం ఉన్నవాళ్లకు మతిమరుపు జబ్బు ముప్పు ఎక్కువ, మరో రకం ఉన్నవాళ్లకు తక్కువ. అయితే ఇవన్నీ ఎక్కువగా ఐరోపా, అమెరికా, జపాన్ జనం రక్తంలో చూసి చెప్పినవి. మన రక్తానికీ అవే లెక్కలు సరిపోతాయా?

సరిపోవనడానికి హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకుని 2009లో ప్రచురించిన పరిశోధనే సాక్ష్యం. గుండె కండరానికి సంబంధించిన ఓ జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన లోపం మన దేశంలో నూటికి దాదాపు నలుగురిలో ఉందని తేలింది. దక్షిణాసియా వాళ్లను వదిలేస్తే బయట ఇది చాలా అరుదు. వయసులో ఉన్నప్పుడు తెలియదు. నడివయసు దాటాక గుండెను దెబ్బతీసే ప్రమాదం ఉంది. అప్పటికి పిల్లలు పుట్టేసి ఉంటారు కాబట్టి లోపం తరువాతి తరానికి చేరిపోతుంది. ప్రకృతి దాన్ని ఏరి పారేయకపోవడానికి కారణం అదే. ముసలితనంలో పనిచేసే జన్యువుల తీరు చాలావరకు ఇంతే!

మామిడితోటల ఊళ్లో...

బైరెడ్డిపల్లె నుంచి సరిహద్దు దాటి, ములబాగల్ మీదుగా వాయవ్యానికి సాగితే శ్రీనివాసపుర. మామిడికి పేరున్న ఊరు. కోలారు జిల్లానే అయినా వీధుల్లో వినిపించేది ఎక్కువగా తెలుగే. 2018లో ఇక్కడి పల్లెల్లో ఓ పెద్ద అధ్యయనం మొదలైంది. బెంగళూరు ఐఐఎస్సీ ఆవరణలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ దీన్ని చేపట్టింది. ఇన్ఫోసిస్ స్థాపకుల్లో ఒకరైన క్రిస్ గోపాలకృష్ణన్ దంపతుల విరాళంతో ఏర్పడిన సంస్థ అది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న విజయలక్ష్మీ రవీంద్రనాథ్ దానికి వ్యవస్థాపక డైరెక్టర్.

నలభై అయిదేళ్లు దాటిన పదివేలమందిని ఏళ్ల తరబడి వెన్నంటి చూడాలన్నది లక్ష్యం. జ్ఞాపకశక్తి, రక్తం, చూపు, వినికిడి, మెదడు స్కానింగు, జన్యువులు... అన్నీ మళ్లీ మళ్లీ పరీక్షిస్తారు. ఎవరి మెదడు పదిలంగా ఉంది, ఎవరిది తడబడుతోంది, ఎందుకు అన్నది తెలియాలి. పిల్లలు బెంగళూరులో, తల్లిదండ్రులు పల్లెలో ఉండే ఇళ్లకు ఇది శాస్త్రవేత్తల గొడవ కాదు. పొయ్యిమీద పాలు పెట్టి మరిచిపోయే అమ్మను ఎవరు చూసుకోవాలన్న గొడవ.

ఇదే సంస్థ ముందు నిలిచి, సీసీఎంబీ సహా 20 సంస్థలతో కలిసి 2020లో జీనోమ్ ఇండియా పథకం మొదలుపెట్టింది. 83 జనసమూహాల నుంచి దాదాపు పదివేలమంది జన్యువులను పూర్తిగా చదివారు. ఆ సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. తరతరాలుగా సొంత కులంలోనే పెళ్లిళ్లు, ఆపై మేనరికాలు... వీటివల్ల బయట అరుదైన జన్యువులు మన సమూహాల్లో పోగుపడి కనిపిస్తాయి. అవి జబ్బు తెచ్చేవి కావచ్చు, జబ్బును ఆపేవీ కావచ్చు.

అన్నిటినీ జన్యువుల ఖాతాలో వేస్తే పొరపాటే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం టీబీ శానిటోరియం వందేళ్ల కిందటిది. ఆ చుట్టుపక్కల పల్లెల్లో 1950ల్లోనే ఇంటింటికీ తిరిగి క్షయ మీద అధ్యయనం చేశారు. స్వాతంత్య్రం వచ్చేనాటికి భారతీయుడి సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గర ఉంది. ఇప్పుడు 70 ఏళ్లు. ఈ మధ్యకాలంలో జన్యువులేమీ మారిపోలేదు. మారింది మందు, నీళ్లు, టీకా.

శ్రీనివాసపుర అధ్యయనం జవాబులు ఇప్పుడప్పుడే రావు. 2018లో నలభై అయిదేళ్లకు పేరు రాయించుకున్న మనిషికి తొంభై నిండేది 2063లో. ఈసారి మాత్రం వయసుకు కాగితం ఉంటుంది.